ముట్టుకోవడం వేరు, అంటుకోవడం వేరు

డిసెంబరు 1 ప్రపంచ ఎయిడ్స్ దినం. 1988 నుంచి ప్రతి ఏడూ జరుపుకుంటున్నారు. ఆ రోజు కాలేజీల్లో ఎర్ర రిబ్బన్ పెట్టుకుంటాం, ర్యాలీ తీస్తాం, నినాదాలు ఇస్తాం, ఫొటో దిగుతాం. ఈసారి మన దగ్గర వీటితో పాటు ఇంకో మంచి పని కూడా జరిగింది. మాట్లాడటానికి వచ్చిన నర్సు మేడం, "నోటితో అడగడానికి సిగ్గయితే పేరు రాయకుండా చిట్టీ మీద రాసివ్వండి" అన్నారు. చిట్టీలు బాగానే వచ్చాయి. ఆమె ఒక్కొక్కటే విప్పి చదువుతుంటే హాల్లో మనందరికీ నవ్వొచ్చింది గానీ, కాసేపటికి నవ్వు ఆగిపోయింది. ఎందుకంటే ఎక్కువ చిట్టీల్లో ఉన్నది ఒకటే ప్రశ్న. చెయ్యి కలిపితే వస్తుందా? ఒకే దువ్వెన వాడితే? హాస్టల్లో ఒకే బకెట్ అయితే? బస్సులో పక్కన కూర్చున్నామె చెమట తగిలితే? ఒకే ప్లేట్లో తింటే?

చిత్రం ఏమిటంటే, పొద్దున ర్యాలీలో మనం అరిచిన నినాదం "ముట్టుకుంటే ఎయిడ్స్ రాదు" అనే. అరిచింది మనమే, మధ్యాహ్నం చిట్టీ రాసిందీ మనమే. అంటే మనకు తెలియక కాదు, నమ్మకం కుదరక. జవాబు తెలిసినా భయం ఎందుకు పోదు అన్నది నేను ఇక్కడ మాట్లాడదలచుకున్నాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఈ భయం జబ్బు నుంచి పుట్టింది కాదు. మన మాటల్లోంచి, మన ఇళ్లలోని పాత అలవాట్లలోంచి పుట్టింది. కాబట్టి సైన్సు ఒక్కటే చెబితే పోదు. మన మాటల్ని కూడా కొంచెం కడిగి చూసుకోవాలి. ఆ పని భాష చదువుకునే మనలాంటి వాళ్లది.

ముందు ఒక చెరువు సంగతి చెప్పాలి. ఇది ఎక్కడిదో కాదు, మన కర్ణాటకలోదే. ధార్వాడ జిల్లా నవలగుంద తాలూకాలో మొరబ అనే ఊరు ఉంది. 2018 నవంబరు చివర్లో ఆ ఊరి తాగునీటి చెరువులో ఒక మహిళ శవం దొరికింది. ఆమెకు హెచ్‌ఐవీ ఉందన్న మాట ఊళ్లో పాకింది. అంతే, ఆ నీళ్లు ఎవరూ ముట్టలేదు. నీళ్లలో హెచ్‌ఐవీ బతకదు, పరీక్ష చేయించి చూపిస్తాం అని అధికారులు చెప్పినా ఊరు ఒప్పుకోలేదు. చివరికి మోటార్లు పెట్టి, పైపులు వేసి, ముప్పై ఎకరాలకు పైబడిన చెరువును రోజుల తరబడి తోడి పారబోశారు. తాగునీళ్ల కోసం జనం మలప్రభ కాలువ దాకా పోవాల్సి వచ్చింది.

మొరబ వాళ్లను చూసి మనం నవ్వొద్దు. తాగే నీళ్లలో ఏ శవం దొరికినా మనసు ఒప్పదు, అది సహజం. దానికి క్లోరిన్ ఉంది, శుభ్రం చేసే పద్ధతులు ఉన్నాయి. కానీ అక్కడ జనం భయపడింది శవానికి కాదు, ఆ మూడు అక్షరాలకి. నీటికరువు ఉండే ఉత్తర కర్ణాటకలో ఒక ఊరు తన చెరువును తానే ఖాళీ చేసుకుందంటే ఆ భయం బరువెంతో ఆలోచించండి. ఆ చెరువుకీ, హాస్టల్ బకెట్ గురించి రాసిన చిట్టీకీ కొలతలోనే తేడా. ప్రశ్న ఒకటే.

ఇక సైన్సు విషయానికి వస్తాను. ఆర్ట్స్ అమ్మాయికి ఇదెందుకు అనకండి. నర్సు మేడం చెప్పింది, తర్వాత నేను చదువుకుని సరిచూసుకున్నది కలిపి రాస్తున్నాను.

హెచ్‌ఐవీ అనే వైరస్ పెరిగేది మన శరీరం లోపల ఒక రకం తెల్లరక్తకణాల్లో. వాటిని సీడీ4 కణాలు అంటారు. ఒకరి నుంచి ఒకరికి అది దాటాలంటే రెండు జరగాలి. ఒకటి, వైరస్ చాలినంత ఉన్న ద్రవం బయటికి రావాలి. అలాంటి ద్రవాలు కొన్నే: రక్తం, వీర్యం, యోని స్రావం, మలద్వారపు స్రావం, తల్లిపాలు. రెండు, ఆ ద్రవం అవతలి మనిషి లోపలికి వెళ్లే దారి ఉండాలి. రక్షణ లేని లైంగిక సంబంధం, ఒకరు వాడిన సూదిని ఇంకొకరు వాడటం, పరీక్షించని రక్తం ఎక్కించడం, తల్లి నుంచి బిడ్డకు గర్భంలోనో కాన్పులోనో పాలతోనో రావడం. దారులు ఇవే. చెమట, కన్నీళ్లు, తుమ్ము, దగ్గు ఆ లెక్కలో లేవు. ఎంగిలి ద్వారా కూడా రాదు. కాబట్టి ఒకే ప్లేటు, ఒకే గ్లాసు, ఒకే మరుగుదొడ్డి అన్న భయాలకు ఆధారం లేదు.

మరి చర్మం? మన చర్మం పైపొర చచ్చిన కణాలతో చేసిన గోడ లాంటిది. వైరస్‌కి కావలసినవి బతికున్న కణాలు, అవి ఆ గోడ వెనక ఉంటాయి. చెయ్యి కలిపితే గోడకు గోడ తగిలినట్టు, అంతే. కౌగిలించుకున్నా, తల దువ్వినా, జడ వేసినా, కాళ్లకు పసుపు రాసినా అంతే. దోమ సంగతి కూడా చాలామంది అడిగారు. దోమ కుట్టినప్పుడు మనలోకి వదిలేది తన లాలాజలం, ఇంతకు ముందు తాగిన రక్తం కాదు. దోమ కడుపులో మలేరియా క్రిమి పెరిగినట్టు హెచ్‌ఐవీ పెరగదు, అరిగిపోతుంది.

"సరే, చేతి మీద చిన్న గీత ఉంటే?" ఈ ప్రశ్న కూడా వచ్చింది, ఇది సరైన ప్రశ్నే. ఎండిపోయిన గీత, పక్కు కట్టిన గాయం మూసుకున్న తలుపు లాంటివి. ప్రమాదం అనుకోవాలంటే అవతలి మనిషి తాజా రక్తం నేరుగా మన తెరిచిన గాయంలోకి వెళ్లాలి. రోజువారీ ముట్టుకోవడాల్లో అది జరగదు. ఇంకో లెక్క చెబుతాను, నాకైతే దీంతోనే ధైర్యం వచ్చింది. హెచ్‌ఐవీ ఉన్న రోగికి వాడిన సూది పొరపాటున నర్సుకో డాక్టరుకో గుచ్చుకుంటుంది అనుకుందాం. రక్తంతో ఉన్న సూది చర్మం చీల్చుకుని లోపలికి వెళ్లింది. అప్పుడు కూడా, మందులేవీ వేసుకోకపోయినా, వైరస్ సోకే అవకాశం వెయ్యిలో సుమారు మూడు. సూది గుచ్చుకుంటేనే లెక్క ఇదైతే, కరచాలనానికి లెక్క ఎక్కడుంది?

ఇంత స్పష్టంగా ఉన్నా మనసు ఎందుకు ఒప్పదు? ఇక్కడే మన భాష దగ్గరికి రావాలి.

మా ఇంట్లో రెండు భాషలు. అమ్మది జహీరాబాద్ దిక్కు, తెలుగు. నాన్న వాళ్లు కన్నడం. అమ్మమ్మ వస్తే ఒక భాష, అజ్జి వస్తే ఇంకో భాష. అందుకే నాకు మాటల్ని పక్కపక్కన పెట్టి చూసే అలవాటు. తెలుగులో "అంటు" అన్న మాట చూడండి. అంటుకోవడం అంటే తగలడం. నిప్పు అంటుకోవడం అంటే రాజుకోవడం. అంటు అంటే మైల. అంటరానితనం అందులోంచే వచ్చింది. ఎంగిలి గిన్నెలు అంట్లు. మళ్లీ జబ్బు పాకితే అంటువ్యాధి. తగలడం, మైలపడటం, జబ్బు రావడం ఈ మూడింటినీ ఒకే మాటతో అంటున్నాం. "సోకు" కూడా అంతే. గాలి సోకుతుంది, దయ్యం సోకుతుంది, హెచ్‌ఐవీ సోకుతుంది. నేను కూడా పై పేరాలో "వైరస్ సోకే అవకాశం" అనే రాశాను, వేరే మాట తేలిగ్గా దొరకదు మరి. కన్నడంలో కూడా "అంటురోగ" అంటారు, "సోంకు" అంటారు. "ముట్టు" అంటే రెండు భాషల్లోనూ తాకడమే, రెండింటిలోనూ మన నెలసరే. తెలుగులో మైల, కన్నడంలో మైలిగె. రెండు భాషలు మాట్లాడే ఇల్లయినా ఈ విషయంలో తప్పించుకునే సందు లేదు!

అంటే ఏమైంది? హెచ్‌ఐవీ అనేది 1986లో మన దేశంలో మొదటిసారి బయటపడింది. చెన్నైలో డాక్టర్ సునీతి సోలమన్, ఆమె విద్యార్థిని నిర్మల చేసిన పరిశోధనలో తెలిసింది. వైరస్ కొత్తది. కానీ దాన్ని పెట్టడానికి మన దగ్గర పాత పెట్టె ఒకటి తయారుగా ఉంది. దాని మీద "అంటు" అని రాసి ఉంది. అప్పటికే అందులో నెలసరి ఆడమనిషి ఉంది, పురుడు ఉంది, చావు ఉంది, ఎంగిలి ఉంది, కులం ఉంది. కొత్త జబ్బును తీసుకెళ్లి అందులోనే పెట్టాం. అందుకే డాక్టరు "తాకితే రాదు" అంటే చెవి వింటుంది గానీ చెయ్యి వెనక్కి పోతుంది. ఆ చెయ్యిని వెనక్కి లాగేది సైన్సు తెలియకపోవడం ఒక్కటే కాదు, మడి.

మన బీదర్ వాళ్లం ఈ మాట మరీ గట్టిగా అనుకోవాలి. బసవకల్యాణ మన జిల్లాలోనే ఉంది. పన్నెండో శతాబ్దంలో అక్కడ శరణులు ఐదు సూతకాలను కాదన్నారు. పుట్టుక, చావు, నెలసరి, ఎంగిలి, కులం. ఈ ఐదింటి వల్ల మనిషి మైలపడడు అన్నారు. వాళ్లకు వైరస్ అంటే ఏమిటో తెలియదు. అయినా ఎంగిలికీ మైలకూ సంబంధం లేదని ఎనిమిది వందల ఏళ్ల కిందటే తేల్చుకున్నారు. మనం సూక్ష్మదర్శిని కాలంలో ఉండి ప్లేటు వేరుగా పెడుతున్నాం.

కరోనా ఇంకొంచెం చిక్కు తెచ్చింది. 2020లో మనం బడిపిల్లలం. ముట్టుకోవద్దు, దగ్గరికి పోవద్దు, చెయ్యి కడుక్కో అని రోజూ విన్నాం. ఆ వైరస్ ఊపిరితో పాకేది కాబట్టి దూరం అవసరమే. కానీ ఆ పాఠాన్ని మనం అన్ని వైరస్‌లకూ పెట్టేసుకున్నాం. జబ్బు జబ్బుకీ దారి వేరు. కరోనాకు గాలి దారి, కలరాకు నీళ్ల దారి, మలేరియాకు దోమ దారి. హెచ్‌ఐవీకి ఈ మూడూ కావు. ఏ జబ్బు అని కాదు, ఏ దారి అని అడగడం నేర్చుకుంటే సగం భయం అక్కడే పోతుంది.

భయానికి ఇంకో వేరు కూడా ఉంది, అది గుణం గురించిన అనుమానం. అమ్మకు బాగా గుర్తున్న ప్రచారం ఒకటుంది. 2000ల మొదట్లో ఆంధ్రప్రదేశ్‌లో ఎక్కడ చూసినా "పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా?" అని బోర్డులు ఉండేవట. ఎవరీ పులిరాజా అని జనం అడుక్కునేవారట. ఆ ప్రచారం చేసిన మేలు ఉంది. ఇంట్లో పలకడానికి వీల్లేని మాటను బజారులో పలికించింది. కానీ దాంతో పాటు ఒక మరక కూడా మిగిలింది. ఈ జబ్బు అంటే తిరుగుబోతుల జబ్బు అన్న ముద్ర. ఇప్పుడు ఎవరికైనా హెచ్‌ఐవీ అంటే మనం మొదట అడిగేది "ఎలా ఉన్నారు" అని కాదు, "ఎలా వచ్చింది" అని. మన దేశంలో ఎంతోమంది ఆడవాళ్లకు అది పెళ్లి చేసుకున్న భర్త నుంచే వచ్చింది. పిల్లలకు పుట్టుకతో వచ్చింది. వాళ్లలో ఏ గుణం వెతుకుతాం?

మా గల్లీలో జొన్నరొట్టెలు చేసి అమ్మే ఒక అక్క ఉండేది. పొద్దున పదింటి లోపల వందకు పైగా రొట్టెలు కొట్టేది, చప్పుడు వీధి చివరిదాకా వినబడేది. ఆమె భర్త చనిపోయాడు. ఏ జబ్బుతో అన్నది ఎవరికీ తెలియదు, కానీ అందరికీ "తెలుసు". నెల తిరిగేసరికి రొట్టెలు కొనేవాళ్లు సగమయ్యారు. మా అమ్మమ్మ మాత్రం, "రొట్టె నిప్పుల మీద కాలింది, దానికి అంటు ఎక్కడిదే" అని తెప్పించేది. అమ్మమ్మ లెక్క మడి లెక్క, అగ్ని అన్నిటినీ శుద్ధి చేస్తుందని. కారణం ఏదైనా రొట్టె మాత్రం ఇంటికి వచ్చింది! ఇంకో ఇంటివాళ్లు రొట్టెలు కొనేవాళ్లు గానీ, ఆ అక్క మంచినీళ్లు అడిగితే కాగితం గ్లాసులో ఇచ్చేవాళ్లు. ఆమె తాగి, గ్లాసు నలిపి, తనే చెత్తడబ్బాలో వేసి వెళ్లేది. ఎవరూ ఒక్క మాట అనలేదు. అనకుండానే అంతా అన్నారు. ఆరు నెలలకు పొయ్యి తీసేసి పుట్టింటికి వెళ్లిపోయింది. ఆమెకు జబ్బు ఉందో లేదో ఈ రోజుకీ మాకు తెలియదు, తెలియవలసిన అవసరమూ లేదు.

ఇక్కడ కొందరు ఒక మాట అంటారు. "జాగ్రత్త పడితే తప్పేముంది? వేరే గ్లాసు ఇస్తే మన సొమ్మేం పోయింది?" ఇది చెడ్డ మనసుతో అనే మాట కాదు. అందుకే దీనికి జవాబు చెప్పాలి.

మొదటిది, తప్పు జాగ్రత్త సరైన జాగ్రత్తను మరిపిస్తుంది. గ్లాసు వేరు పెట్టిన మనమే జాతరలో పచ్చబొట్టు వేయించుకునేటప్పుడు సూది కొత్తదా అని అడగం. పెళ్లికి జాతకాలు చూస్తాం, కట్నం మాట్లాడతాం, "ఇద్దరం పరీక్ష చేయించుకుందాం" అని ఒక్క మాట అనడానికి నోరు రాదు. దారి లేని చోట కాపలా పెట్టి, దారి ఉన్న చోట తలుపు తెరిచి వదిలేస్తున్నాం. రక్తదానం కూడా చూడండి. శిబిరం పెడితే "సూదితో ఎయిడ్స్ వస్తుందేమో" అని చాలామంది వెనక్కి పోతారు. రక్తం ఇచ్చేవాళ్లకు వాడేది కొత్త సూది, ఒక్కరికే వాడి పారేస్తారు. సేకరించిన రక్తానికి హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, హెపటైటిస్ సి, సిఫిలిస్, మలేరియా పరీక్షలు చేస్తారు. ఇస్తే రాదు. ఈ భయం వల్ల నష్టపోయేది కాన్పులో రక్తం పోతున్న ఏ తల్లో.

రెండోది, వేరే గ్లాసు చూసిన మనిషి పరీక్షకు వెళ్లదు. తన పక్కింటామెకు ఏం జరిగిందో కళ్లారా చూసింది కదా. తెలియకపోతేనే నయం అనుకుంటుంది. ఇది ప్రాణం మీదికి వచ్చే సంగతి. ఎందుకంటే ఇప్పుడు హెచ్‌ఐవీ తెలిస్తే బతికే జబ్బు. 2004 ఏప్రిల్ 1 నుంచి మన ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఏఆర్‌టీ మందులు ఉచితంగా ఇస్తున్నారు. 2017 నుంచి పరీక్షలో ఉందని తేలిన ప్రతి ఒక్కరికీ మందు మొదలుపెట్టాలన్నది విధానం. రోజూ మందు వేసుకుంటే రక్తంలో వైరస్ లెక్కకు అందనంత తగ్గిపోతుంది. ఆ స్థితిలో నిలకడగా ఉన్నవాళ్ల నుంచి లైంగిక సంబంధం ద్వారా కూడా ఇంకొకరికి రాదని పెద్ద పరిశోధనల్లో తేలింది. గర్భిణి మందు వేసుకోకపోతే నూటికి 15 నుంచి 45 మంది బిడ్డలకు వచ్చే అవకాశం ఉంటే, మందు వేసుకుంటే అది 5 కంటే తక్కువకు దిగుతుంది. అంటే పరీక్షకు వెళ్లిన ఆడమనిషి తన బిడ్డను కాపాడుకుంటుంది. కాగితం గ్లాసు ఆమెను పరీక్షకు వెళ్లకుండా ఆపుతుంది. "మన సొమ్మేం పోయింది" అన్న ప్రశ్నకు నా జవాబు ఇది.

మూడోది నాకు చాలా దగ్గరగా తెలిసింది. నా స్నేహితురాలు ఒకసారి బస్టాండులో ఒక ముసలమ్మ జారిపడితే పరుగెత్తి లేపింది. నుదురు పగిలి రక్తం కారుతుంటే తన చున్నీ మడిచి అదిమి పట్టుకుంది. వేళ్లకు రక్తం అయింది. చుట్టూ ఉన్నవాళ్లలో ఎవరో, "ఎవరో ఏమో, ఏ రోగముందో, నీకెందుకమ్మా" అన్నారు. ఆ ఒక్క మాట ఆమె బుర్రలో దిగిపోయింది. ఇంటికి పోయి మూడుసార్లు స్నానం చేసింది. రాత్రంతా ఫోన్‌లో వెతకడం, చేతి వేళ్లు దీపం కింద పెట్టి గీతలున్నాయా అని చూసుకోవడం. తమ్ముడితో ఒకే కంచంలో తినడం మానేసింది. వారం రోజులు సరిగ్గా నిద్రపోలేదు. ఆమె వేళ్ల మీద గాయం లేదు, ముసలమ్మకు హెచ్‌ఐవీ ఉందని ఎవరూ చెప్పలేదు. అయినా భయం ఆగలేదు. చివరికి ఒక డాక్టరమ్మ ఓపిగ్గా కూర్చోబెట్టి చెబితే తేరుకుంది. తేరుకున్నాక నాతో అంది, "ఏమైనా సరే, ఇంకోసారి ఎవరు పడినా నేను ముట్టుకోను."

నాకు భయం వేసింది ఆ మాటకు. తను మన క్లాసుల్లో అందరికంటే ముందు లేచే అమ్మాయి. అలాంటి చెయ్యిని కూడా ఒక పుకారు మాట కట్టేసింది. రేపు బస్టాండులో పడేది మా అమ్మమ్మ కావచ్చు, మీ అమ్మ కావచ్చు.

అలాంటి భయంతో లోలోపల నలిగేవాళ్లు మనలో ఇంకా ఉండొచ్చు. చిట్టీలు చూశాక అనిపించింది. వాళ్లతో నవ్వులాట వద్దు, "పిచ్చిదానా" అనడం వద్దు. అలాంటి భయం ఉంటే రాత్రి ఫోన్‌లో వెతకడం ఆపి మనిషిని అడగండి. జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ వారి ఉచిత ఫోన్ నంబరు 1097. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఐసీటీసీ అనే కేంద్రాలు ఉంటాయి. అక్కడ ముందు మాట్లాడతారు, మనం ఒప్పుకుంటేనే పరీక్ష చేస్తారు, ఫలితం గుట్టుగా ఉంచుతారు, డబ్బు తీసుకోరు. నిజంగానే ప్రమాదం జరిగితే, అంటే వాడిన సూది గుచ్చుకోవడం, తెరిచిన గాయంలోకి రక్తం పోవడం, బలాత్కారం లాంటివి జరిగితే, 72 గంటల లోపల వెళ్లాలి. ఎంత తొందరగా వెళ్తే అంత మంచిది. వైరస్ నిలవకుండా 28 రోజుల మందు ఇస్తారు. అమ్మాయిలుగా ఈ 72 గంటల మాట మనందరికీ తెలిసి ఉండాలి.

చట్టం కూడా ఉంది. హెచ్‌ఐవీ, ఎయిడ్స్ నివారణ, నియంత్రణ చట్టం 2017లో వచ్చింది, 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉంది. హెచ్‌ఐవీ ఉందన్న కారణంతో చదువులో, ఉద్యోగంలో, వైద్యంలో, అద్దె ఇంటి విషయంలో తేడా చూపకూడదు. ఒప్పుకోలు లేకుండా పరీక్ష చేయకూడదు. ఒకరి సంగతి ఇంకొకరికి చెప్పకూడదు. తేదీలు గమనించండి. చట్టం అమల్లోకి వచ్చి మూడు నెలలు తిరగకముందే మొరబ చెరువు ఖాళీ అయింది. చట్టం గెజిట్‌లో ఉంటుంది, భయం గల్లీలో ఉంటుంది. గల్లీ దాకా తీసుకెళ్లాల్సింది మనలాంటి వాళ్లమే.

చూపిస్తే నమ్ముతారు అనడానికి ఉదాహరణలు ఉన్నాయి. 1987 ఏప్రిల్‌లో లండన్‌లోని ఒక ఆసుపత్రిలో యువరాణి డయానా గ్లవ్స్ లేకుండా ఎయిడ్స్ రోగి చెయ్యి పట్టుకుంది. ఆ ఫొటో ప్రపంచమంతా చూసింది. 2003లో కేరళలో హెచ్‌ఐవీ ఉన్న ఇద్దరు పిల్లలను బడిలోకి రానివ్వకపోతే, అప్పటి కేంద్ర ఆరోగ్య మంత్రి సుష్మా స్వరాజ్ వాళ్లను అందరి ముందూ అక్కున చేర్చుకున్నారు. వాళ్లు చేసింది పెద్ద పనేమీ కాదు, ఒక ముట్టుకోవడం. కానీ వంద కరపత్రాలు చెప్పలేనిది అది చెప్పింది.

మనం మంత్రులం కాదు, యువరాణులం అసలే కాదు. మన చేతిలో ఉన్నవి చిన్న పనులు. మన విభాగానికి, మేడం గార్లకు నా మనవి మూడు మాటల్లో చెబుతాను.

ఒకటి, మన పత్రికలో, మన వ్యాసాల్లో హెచ్‌ఐవీని "అంటువ్యాధి" అని రాయవద్దు. "సంక్రమించే వ్యాధి" అందాం. సంక్రమించడం అంటే ఒకచోటి నుంచి ఇంకోచోటికి దాటడం. సూర్యుడు మకరంలోకి దాటితే సంక్రాంతి అన్నట్టే. ఆ మాటలో దారి ఉంది, మైల లేదు. "ఎయిడ్స్ రోగి" అని కాకుండా "హెచ్‌ఐవీతో జీవిస్తున్నవారు" అందాం. మాట మారితే మనసు వెంటనే మారుతుందని నేను అనను. కానీ తప్పు మాటతో సరైన సంగతి చెప్పలేం.

రెండు, కాలేజీలో ప్రథమ చికిత్స పెట్టె ఒకటి, అందులో గ్లవ్స్ ఉండేలా చూడాలి. ఎవరి రక్తమైనా సరే ముట్టేటప్పుడు గ్లవ్స్ వేసుకోవడం మంచి పద్ధతి. హెపటైటిస్ బి లాంటివి హెచ్‌ఐవీ కంటే తేలిగ్గా రక్తంతో పాకుతాయి. ఆ గ్లవ్స్ అందరి కోసం, ఒకరిని చూసి వేసుకునేవి కాదు. నీళ్ల గ్లాసు ఇవ్వడానికి, చెయ్యి పట్టుకోవడానికి గ్లవ్స్ అక్కరలేదు.

మూడు, రెడ్ రిబ్బన్ క్లబ్బు వాళ్లు ఏడాదికి ఒక ర్యాలీ కాకుండా, నెలకోసారి ప్రశ్నలకు జవాబు చెప్పే గంట ఒకటి పెట్టాలి. తెలుగులో అడిగినా, కన్నడంలో అడిగినా, మన దక్కనీలో అడిగినా జవాబు దొరకాలి.

ఇంటికి వెళ్లాక మనం చేయగలిగింది ఇంకోటుంది. ఎవరి గురించైనా "ఆమెకు అదేనట" అని ఎవరైనా గుసగుసలాడితే, "ఉంటే ఏమైంది, ముట్టుకుంటే రాదు" అని మామూలు గొంతుతో అనండి. వాదన అక్కరలేదు, ఉపన్యాసం అక్కరలేదు. ఆ మాట అని, వచ్చిన మనిషికి మనం తాగే గ్లాసులోనే నీళ్లు ఇవ్వండి.

— బి.ఎ. రెండో సంవత్సరం